ఐదు చోట్లా సీటు రాలేదు, స్పీచ్ పాథాలజీకి మళ్లీ అప్లై చేయాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ ఈసీఈ చేశాను, 66 శాతం వచ్చింది. కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి, పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి ఉంది. మా బాబుకి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. స్పీచ్ థెరపీ మొదలుపెట్టినప్పుడు ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని మాకు చెప్పారు. అలాగే చేశాం. ఇప్పుడు వాడికి ఏడేళ్లు. ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడతాడు కానీ మా అమ్మ ఫోన్ చేస్తే ఒక్క మాట కూడా రాదు. వాడితో థెరపీకి వెళ్లీ వెళ్లీ ఈ చదువు మీద ఇష్టం పుట్టింది. ఆన్‌లైన్‌లో ఆరు లెవెలింగ్ కోర్సులు, అంటే వేరే డిగ్రీ వాళ్లు మాస్టర్స్ కన్నా ముందు చేసే పునాది కోర్సులు చేశాను. నాలుగింట్లో ఏ, అనాటమీలోనూ ఆడియాలజీ (వినికిడి శాస్త్రం)లోనూ బీ. నిరుడు ర్యాంకుల్లో పైనున్న ఐదు దూరపు యూనివర్సిటీలకు స్పీచ్ పాథాలజీ మాస్టర్స్‌కి అప్లై చేశాను. నాలుగు కాదన్నాయి. ఒకటి వెయిట్‌లిస్ట్‌లో పెట్టి చివరికి సీటు లేదంది. నా బీటెక్ మార్కులు దెబ్బతీశాయా? ఇంటర్వ్యూలో నా యాస చూసి వద్దనుకున్నారా? అనాటమీ మళ్లీ చదివి రాయాలా? ఎస్సే అంతా బాబు గురించే రాశాను, అది తప్పా? ఈ వయసులో మళ్లీ ఈ టెన్షన్ ఎందుకని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మళ్లీ అప్లై చేయండి. కానీ అవే ఐదు చోట్లకి, అదే ఎస్సేతో వద్దు. నేను ఇక్కడ స్కూల్లో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుగా పనిచేస్తూ, మాస్టర్స్ విద్యార్థులకు ప్రాక్టికమ్‌లో, అంటే పేషెంట్లతో చేసే శిక్షణలో, సూపర్‌వైజర్‌గా ఉంటాను. వేరే చదువుల నుంచి ఇటు వచ్చినవాళ్లు నా దగ్గర బాగా పనిచేశారు, వాళ్లలో ఇంజినీర్లూ ఉన్నారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చదువులో ఉన్న లోటు చాలా చిన్నది. మీరు ఎంచుకున్న జాబితాలో ఉన్న లోటు పెద్దది. వెయిట్‌లిస్ట్‌లో పెట్టారంటే, ఈ అమ్మాయి ఈ కోర్సు చేయగలదని ఆ కమిటీ నమ్మినట్టే. సీట్లు అయిపోయాయి, అంతే.

సీట్లు ఎందుకంత తొందరగా అయిపోతాయో తెలిస్తే మీ మనసు కొంత కుదుటపడుతుంది. ఈ మాస్టర్స్ క్లాసులో కూర్చుని ముగించే చదువు కాదు. ఆషా, అంటే అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్, సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఒక్కో విద్యార్థికి 400 గంటల క్లినికల్ అనుభవం ఉండాలి. అందులో 25 గంటలు పరిశీలన, 375 గంటలు పేషెంట్లతో నేరుగా పని. విద్యార్థి ఒక్కో పేషెంటుతో గడిపే సమయంలో కనీసం నాలుగో వంతు సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. అది కూడా ఒక్క రకం పేషెంట్లతో సరిపోదు. ఉచ్చారణ, నత్తి, గొంతు, భాష, వినికిడి, మింగడం, జ్ఞాపకశక్తి లాంటివి, నలుగురితో మెలగడం, మాట్లాడలేనివాళ్లకు వేరే సాధనాలతో సంభాషణ నేర్పడం, ఇలా తొమ్మిది రకాల సమస్యల మీద అవగాహన రావాలి. ఇంతమంది సూపర్‌వైజర్లను, ఇన్ని ఆసుపత్రులను, స్కూళ్లను వెతికి పెట్టే బాధ్యత యూనివర్సిటీదే. అందుకే డిమాండ్ ఎంతున్నా బ్యాచ్‌ని పెంచలేరు. మంచి మార్కులున్న పిల్లలు కూడా వెనక్కి రావడానికి కారణం ఇదే.

ఇక ర్యాంకుల సంగతి. ఎంసెట్ కౌన్సెలింగ్ చూసి పెరిగినవాళ్లం కాబట్టి, పైనున్న కాలేజీ అంటే మంచి కాలేజీ, మంచి కాలేజీ అంటే మంచి ఉద్యోగం అని మనకు నరనరాన ఉంటుంది. ఈ రంగంలో అది పనిచేయదు. యూఎస్ న్యూస్ ఇచ్చే స్పీచ్ పాథాలజీ ర్యాంకులు ఇతర యూనివర్సిటీల విద్యావేత్తలను సర్వే చేసి, వాళ్ల అభిప్రాయాలతో వేసేవి. ఎంతమంది విద్యార్థులు కోర్సు పూర్తి చేశారు, ఎంతమంది పరీక్ష పాసయ్యారు అన్నవి ఆ ర్యాంకులో కనబడవు. మీకు కావలసింది సీఏఏ గుర్తింపు. సీఏఏ అంటే ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే ఆషా మండలి. సీఏఏ గుర్తించిన ఏ ప్రోగ్రామ్‌లో చదివినా చివర్లో రాసేది ఈ వృత్తికి దేశమంతటా ఉన్న అదే ప్రాక్సిస్ పరీక్ష, వచ్చేది ఆషా ఇచ్చే అదే సీసీసీ ఎస్ఎల్‌పీ సర్టిఫికెట్. స్కూల్ డిస్ట్రిక్ట్ అయినా, ఆసుపత్రి అయినా లైసెన్స్ ఉందా, సర్టిఫికెట్ ఉందా అని అడుగుతుంది. నా ఉద్యోగ ఇంటర్వ్యూల్లో మీ కాలేజీ ర్యాంకు ఎంత అని అడిగినవాళ్లు లేరు. పీహెచ్‌డీ చేసి పరిశోధనలోకి వెళ్లాలనుకుంటే మాట వేరు, అప్పుడు ఎవరి ల్యాబ్‌లో చదివామన్నది ముఖ్యం. మీ ఉత్తరంలో ఆ ఆలోచన కనబడలేదు.

కాబట్టి ఈసారి జాబితా ఇలా తయారుచేయండి. ఆషా వాళ్ల ఎడ్‌ఫైండ్ అనే సెర్చ్ పేజీ ఉంది. ఒక్కో ప్రోగ్రామ్‌కి ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, ఎంతమందికి ఆఫర్ ఇచ్చారు, చేరినవాళ్ల జీపీఏ ఎంత నుంచి ఎంత వరకు ఉంది అన్నవి అక్కడ దొరుకుతాయి. ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. ఆఫర్లు మరీ తక్కువగా ఇచ్చే చోట్లు ఒకటి రెండు ఉంచుకోండి, మిగతావి మీ జీపీఏ వాళ్ల మధ్యస్థాయికి తగ్గకుండా ఉండేవి చూడండి. ఆ తర్వాత ఒక్కో ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో స్టూడెంట్ అచీవ్‌మెంట్ డేటా అనే పేజీ తెరవండి. కోర్సు పూర్తి చేసినవాళ్ల శాతం, ప్రాక్సిస్ పాసైనవాళ్ల శాతం, ఉద్యోగం దొరికినవాళ్ల శాతం అందరికీ కనబడేలా పెట్టాలన్నది సీఏఏ నిబంధన. ర్యాంకు కన్నా ఈ మూడు అంకెలే మీకు అసలు సంగతి చెబుతాయి.

మీలాగా వేరే డిగ్రీ నుంచి వచ్చేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఎక్కువ కాలం నడిచే ట్రాక్ ఉన్న ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. వాళ్లకి మీలాంటి ఫైల్ కొత్త కాదు, దాన్ని ఎలా చదవాలో తెలుసు. కొత్తగా మొదలై ఇంకా క్యాండిడసీ దశలో, అంటే పూర్తి గుర్తింపుకి ముందు దశలో ఉన్న ప్రోగ్రామ్‌లనూ కొట్టిపారేయకండి. వాటి పేరు ఎక్కువమందికి తెలియదు కాబట్టి పోటీ కొంత తక్కువగా ఉండొచ్చు. కాకపోతే వాటి ప్రస్తుత స్థితి ఏమిటో సీఏఏ జాబితాలో మీరే స్వయంగా చూసుకోవాలి, ప్రోగ్రామ్ వాళ్ల మాట ఒక్కటే నమ్మి చేరకూడదు. ఆన్‌లైన్ మాస్టర్స్ కూడా గుర్తింపు ఉన్నవే చాలా ఉన్నాయి. ఎమర్సన్, ఎన్‌వైయూ, బేలర్ లాంటివి నడుపుతున్నాయి. ఫీజు ఎక్కువ. ప్రాక్టికమ్ మాత్రం ఆన్‌లైన్‌లో అయ్యేది కాదు, మీరుండే ఊళ్లోనే స్కూల్లోనో ఆసుపత్రిలోనో చేయాలి. ఆ చోటు వాళ్లు వెతికి ఇస్తారా, మిమ్మల్నే వెతుక్కోమంటారా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడగండి.

మీ ఇంటి దగ్గర చూస్తే యూటీ డాలస్, డెంటన్‌లో టెక్సస్ విమెన్స్, అక్కడే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్, ఫోర్ట్ వర్త్‌లో టీసీయూ, నాలుగు చోట్లా ఈ మాస్టర్స్ ఉంది. ఇంటి నుంచి వెళ్లొస్తూ చదువుకునే చోటికి అప్లై చేయకుండా, సంసారం మార్చుకోవలసిన ఐదు చోట్లకి మాత్రమే ఎందుకు పంపారో నాకు అర్థం కాలేదు. ఏడేళ్ల బాబు, మీ వారి ఉద్యోగం, వీసా, ఇవన్నీ ఉన్నప్పుడు దూరం కూడా అర్హతల్లో ఒకటిగా లెక్కపెట్టండి. మొత్తం మీద ఎనిమిది నుంచి పది అప్లికేషన్లు సరిపోతాయి. ఇరవై పంపితే ఎస్సేలు పలచబడతాయి.

మార్కుల గురించి మీ భయంలో సగం అనవసరం. మన బీటెక్ శాతాలను ఇక్కడి లెక్కలోకి మార్చడానికి చాలా యూనివర్సిటీలు వెస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) సంస్థ మూల్యాంకనం అడుగుతాయి. అందులో కోర్సువారీగా చేయించుకోండి. మన ఫస్ట్ క్లాస్ 66ని వాళ్లు ఇక్కడి 66లా చూడరు, మన స్కేలు వేరని వాళ్లకు తెలుసు. పైగా చాలా కమిటీలు చివరి 60 క్రెడిట్ల జీపీఏని, స్పీచ్ కోర్సుల జీపీఏని విడిగా చూస్తాయి. మీ ఆరు కోర్సులూ ఒకే బరువైతే మీది 3.67 దాకా వస్తుంది. దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

అనాటమీ మళ్లీ రాయొద్దు. చాలా యూనివర్సిటీలకు ఒకేచోట నుంచి పంపే కేంద్రీకృత అప్లికేషన్ సీఎస్‌డీకాస్ మీ జీపీఏ లెక్కించేటప్పుడు పాత గ్రేడును తీసేయదు, రెండూ కలిపే లెక్కిస్తుంది. బీని ఏ చేసుకోవడానికి ఒక సెమిస్టర్ పోగొట్టుకోవడం కన్నా, న్యూరోఅనాటమీ లాంటి కష్టమైన కోర్సు కొత్తగా తీసుకుని అందులో ఏ తెచ్చుకోండి. అనాటమీలో బీ చూసి అనుమానపడిన మనిషికి అంతకన్నా మంచి జవాబు ఉండదు. యూటా స్టేట్, లాంగ్‌వుడ్ లాంటి యూనివర్సిటీలు ఇలాంటి కోర్సులు ఆన్‌లైన్‌లో ఇస్తాయి. యూనివర్సిటీ పేరు కన్నా, మీరు అప్లై చేసే చోటు ఆ కోర్సును అంగీకరిస్తుందా అన్నది చూసుకోండి.

మీరు రాయని విషయం ఒకటి నన్ను ఆపింది. ఆషా సర్టిఫికెట్‌కి స్పీచ్ కోర్సులతో పాటు జీవశాస్త్రం, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటి సామాజిక శాస్త్రం, ఒక్కోటి కాలేజీ స్థాయిలో చదివి ఉండాలి. మీరు ఇంటర్‌లో ఎంపీసీ అయి ఉంటారు. అంటే పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకోలేదు. ఫిజిక్స్ బీటెక్‌లో ఉంది, ఇబ్బంది లేదు. స్టాటిస్టిక్స్ మాత్రం మన దగ్గర మ్యాథ్స్ పేపర్లో ఒక యూనిట్‌గా కలిసిపోయి ఉంటే దాన్ని విడి కోర్సుగా లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఈ నాలుగూ పూర్తి కాకుండా సీటే ఇవ్వని చోట్లు ఉన్నాయి, చేరాక పూర్తి చేసుకోమనే చోట్లు ఉన్నాయి. కాలిన్ కాలేజ్ లాంటి కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ, స్టాటిస్టిక్స్ తక్కువ ఖర్చుతో అయిపోతాయి. హెచ్4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు.

ఇక యాస. దీని గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు కానీ మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఇదే అనిపించింది. ఆషా 1998లోనే దీని మీద స్పష్టంగా చెప్పింది. యాస ఉందన్న కారణంతో విద్యార్థిని గానీ ఉద్యోగిని గానీ పక్కన పెట్టకూడదు. థెరపీలో పేషెంటుకి నేర్పవలసిన శబ్దాన్ని, వాక్యాన్ని అవసరమైనప్పుడు సరిగ్గా పలికి చూపించగలగాలి, అంతే. రోజంతా అమెరికన్‌లా మాట్లాడటం ఎవరూ అడగరు. ఇంగ్లిష్‌లో నాలుకను పళ్ల మధ్య పెట్టి పలికే శబ్దాన్ని మనం ‘థ’ అని సరిపెట్టేస్తాం. వీ, డబుల్యూ రెండింటికీ మనకున్నది ఒక్క ‘వ’. ఫొనెటిక్స్, అంటే ఉచ్చారణ శాస్త్రం, మీ కోర్సుల్లో ఉండి ఉంటుంది కాబట్టి ఈ తేడాలు మీ చెవికి తెలుసు. వాటిని పలికి చూపించడం సాధన చేయండి. ఇంటర్వ్యూలో తొందరపడకుండా, ప్రశ్న అడిగాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి. మనలో చాలామందికి యాస కన్నా వేగమే ఎక్కువ ఇబ్బంది తెస్తుంది. టోఫెల్ మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో ప్రతి చోటా విడిగా అడగండి. ఈ రంగంలో స్పీకింగ్ భాగానికి విడిగా కనీస స్కోరు పెట్టే ప్రోగ్రామ్‌లూ ఉంటాయి.

ఇప్పుడు ఎస్సే. నేను దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఫైల్ మారేది ఇక్కడే. బాబు గురించి రాయడం తప్పు కాదు. ఎస్సే అంతా బాబు గురించే రాయడం తప్పు. కమిటీ చదివే ఎస్సేల్లో ఇంట్లో ఒకరికి మాట రాలేదు, థెరపిస్టు వచ్చారు, మాట వచ్చింది, అందుకే నేనూ థెరపిస్టు కావాలి అన్న కథ చాలా తరచుగా వస్తుంది. ప్రతి కథా నిజమే, ప్రతి తల్లి కన్నీళ్లూ నిజమే. కానీ అది చదివాక కమిటీకి మీ అబ్బాయి గురించి తెలుస్తుంది, మీ గురించి తెలియదు. పైగా రేపు వాడు పెద్దవాడవుతాడు. వాడి చిన్ననాటి ఇబ్బందులు ఎంతవరకు నలుగురి చేతుల్లో పెట్టాలన్నది మీరు వాడి తరఫున ఆలోచించాలి. మూడు నాలుగు వాక్యాలు చాలు.

మీ ఉత్తరంలో అసలు ఎస్సే ఎక్కడుందో చెప్పనా? ‘తెలుగు ఆపేయమని మాకు చెప్పారు’ అన్న చోట ఉంది. ఆ సలహా తప్పు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. భాషలో నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు. ఇంటి భాష తీసేస్తే ఇబ్బంది తగ్గదు, తల్లి తన భాషలో చెప్పగలిగే మాటలు, అమ్మమ్మతో కబుర్లు మాత్రం పోతాయి. మీ ఇంట్లో జరిగింది ఇదే. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, మీరు మంచి మనసుతోనే విన్నారు. ఎస్సేలో వాళ్లను తప్పుపట్టకండి. ఆ సలహా ఎందుకు తప్పో మీరు తర్వాత చదువులో ఎలా తెలుసుకున్నారో రాయండి.

అక్కడి నుంచి ముందుకు వెళ్లండి. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లవాడు కిండర్‌గార్టెన్‌లో చేరతాడు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిష్ మాట చివర కూడా ‘ఉ’ చేర్చి బుక్కు, రోడ్డు అంటాడు. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి ‘ద’ వదిలేస్తాడు. క్రియను వాక్యం చివరికి తోసేస్తాడు. టీచర్ స్పీచ్ పరీక్షకి పంపిస్తుంది. ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడే పిల్లలను ప్రామాణికంగా పెట్టుకుని తయారుచేసిన టెస్టులో స్కోరు తక్కువ వస్తుంది. వాడికి లోపం ఉందా, లేక వాడి మొదటి భాష వేరు కావడం వల్ల వచ్చిన తేడానా? ఈ ప్రశ్న ఈ వృత్తికి గుండెకాయ లాంటిది. వికలాంగ విద్యార్థుల విద్యా చట్టం ఐడియా ప్రకారం, వీలైనంతవరకు పిల్లవాడి ఇంటి భాషలో పరీక్ష చేయాలి, ఇంగ్లిష్ సరిగ్గా రాదన్న ఒక్క కారణంతో లోపం ఉందని తేల్చకూడదు. దీనికోసం థెరపిస్టులు ఒకసారి పరీక్షించి, కొంత నేర్పి, మళ్లీ పరీక్షించి పిల్లవాడు ఎంత త్వరగా అందుకుంటున్నాడో చూస్తారు. దాన్ని డైనమిక్ అసెస్‌మెంట్ అంటారు. తెలుగులో అడిగి, తెలుగులో విని, తెలుగు పిల్లవాడి వయసుకు ఏ మాట సహజమో చెప్పగలిగే థెరపిస్టులు ఇక్కడ చాలా తక్కువ. తెలుగు కుటుంబాలు మాత్రం మీ చుట్టుపక్కలే ఎన్నో ఉన్నాయి. మీరు ఎందుకు కావాలో కమిటీకి చెప్పే పేరా ఇది. నాకు తెలుగు, హిందీ వచ్చు అని ఒక ముక్క రాసి వదిలేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

మీ ఈసీఈని కూడా దాచుకోకండి. పోయినసారి దాని గురించి ఏం రాశారో చెప్పలేదు, బహుశా క్షమాపణ స్వరంలో రాసి ఉంటారు. స్పీచ్ సైన్స్‌లో స్పెక్ట్రోగ్రామ్, ఫ్రీక్వెన్సీ, ఫిల్టర్ అనగానే చాలామంది విద్యార్థులు బెంబేలెత్తుతారు. మీరు సిగ్నల్ ప్రాసెసింగ్ చదివి వచ్చారు. వినికిడి యంత్రం శబ్దాన్ని ఏం చేస్తుందో, స్వరపేటిక నుంచి వచ్చిన శబ్దాన్ని నోటి ఆకారం ఎలా వడపోస్తుందో మీకు సమీకరణం స్థాయిలో తెలుసు. మాట్లాడలేనివాళ్లు వాడే పరికరాలను సరిచేయాల్సి వస్తే టెస్టింగ్‌లో మీకున్న ఓపిక పనికొస్తుంది. టెస్టింగ్ చేసినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, ఏం చూశామో అదే రాస్తారు, ఊహించింది రాయరు. క్లినిక్‌లో నోట్స్ రాసేవాళ్లకి కావలసింది సరిగ్గా అదే.

మీ అనుభవం అంతా పిల్లల థెరపీ గదిలోనే ఉందని కమిటీ గమనిస్తుంది. ఈ చదువులో పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు, మింగలేక గొట్టంతో ఆహారం తీసుకునేవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, గొంతు పోయిన గాయకులు, అందరూ ఉంటారు. కాబట్టి రాబోయే నెలల్లో ఆసుపత్రిలోనో పునరావాస కేంద్రంలోనో పెద్దవాళ్లతో పనిచేసే థెరపిస్టును పరిశీలించే అవకాశం అడగండి. ఈమెయిళ్లకు జవాబు రాకపోతే నిరాశపడకండి, పేషెంట్ల గోప్యత నియమాల వల్ల చాలాచోట్ల కుదరదంటారు. పక్షవాతం తర్వాత మాట కోల్పోయినవాళ్ల కోసం నడిచే అఫేజియా గ్రూపుల్లో వాలంటీర్లను తీసుకుంటారు, అక్కడ ప్రయత్నించండి. మాస్టర్ క్లినీషియన్ నెట్‌వర్క్, సిముకేస్ లాంటి వీడియో మార్గాలూ ఉన్నాయి, వాటిని ఏ ప్రోగ్రామ్ ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటుందో అడిగి చేయండి. గంటల సంఖ్య కన్నా, చూసినదాంట్లో ఒక్క సంఘటనను మీరు ఎలా అర్థం చేసుకున్నారన్నది ఎస్సేలో బరువు తూగుతుంది.

రికమెండేషన్ లెటర్లు సాధారణంగా మూడు. మీ బాబు థెరపిస్టును అడగకండి. ఆవిడకి మీరు పేషెంటు తల్లిగా తెలుసు, విద్యార్థిగా తెలియదు. ఆ ఉత్తరం ఎంత ప్రేమగా ఉన్నా కమిటీకి ఉపయోగపడదు. ఆన్‌లైన్ కోర్సులో వందమందిలో ఒకరిగా ఉన్నప్పుడు ప్రొఫెసర్ మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడం కష్టమే. అందుకే కొత్తగా తీసుకునే కోర్సులో మొదటి వారం నుంచే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. మనలో చాలామందికి ప్రొఫెసర్ దగ్గరికి ఊరికే వెళ్లి మాట్లాడటం అంటే మొహమాటం, డౌట్ ఉంటేనే వెళ్తాం. డౌట్ లేకపోయినా వెళ్లండి, పాఠంలో మీకు నచ్చిన విషయం గురించి మాట్లాడండి. రెండు లెటర్లు స్పీచ్ ప్రొఫెసర్ల నుంచి, ఒకటి మీ పాత మేనేజర్ నుంచో, మీరు వాలంటీర్‌గా పనిచేసిన చోటి నుంచో ఉంటే బాగుంటుంది. అడిగేటప్పుడు మీ ఎస్సే చిత్తుప్రతి, ఆ కోర్సులో మీరు రాసిన ఒక మంచి పేపర్ కలిపి పంపండి. లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని ఫారంలో అడుగుతారు, వదులుకుంటానని పెట్టండి.

జీఆర్ఈని చాలా ప్రోగ్రామ్‌లు తీసేశాయి. మీ జాబితాలో ఎవరూ అడగకపోతే దాన్ని మర్చిపోండి.

డబ్బు, వీసా గురించి ఇప్పుడే లెక్క వేసుకోండి, సీటు వచ్చాక కాదు. హెచ్4 వాళ్లకు ఫెడరల్ విద్యా రుణాలు రావు. ప్రభుత్వ యూనివర్సిటీలో ఇన్‌స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రం వాళ్లకుండే తక్కువ ఫీజు, మీకు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి, మీ వీసా స్థితిని బట్టి ఉంటుంది. అడ్మిషన్స్ ఆఫీసుతో రాతలో తేల్చుకోండి. ఇంకో సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. మాస్టర్స్ అయ్యాక క్లినికల్ ఫెలోషిప్ ఉంటుంది, కనీసం 36 వారాలు, 1,260 గంటలు. అది జీతం వచ్చే ఉద్యోగం. అంటే ఆ సమయానికి మీ చేతిలో చెల్లుబాటయ్యే వర్క్ పర్మిట్ ఉండాలి. మీ ఈఏడీ మీ వారి స్థితి మీద ఆధారపడి ఉంది కాబట్టి, అప్పటికి అది ఉంటుందా, లేకపోతే చదువుకునేటప్పుడే విద్యార్థి వీసా ఎఫ్1కి మారడం మంచిదా అన్నది ఇమిగ్రేషన్ లాయర్‌తో చేరే ముందే మాట్లాడండి. ఈ విషయంలో తెలిసినవాళ్ల మాటలు విని నిర్ణయం తీసుకోవద్దు.

వయసు సంగతికి వస్తే, 34 ఈ క్లాసులో ఎవరినీ ఆశ్చర్యపరిచే వయసు కాదు. ఇంట్లోవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు, రెండేళ్లకు పైగా మీ సాయంత్రాలు, ఇంటి డబ్బు ఇందులోకి వెళతాయి. వాళ్లతో కూర్చుని ఒక హద్దు పెట్టుకోండి. నా సలహా, సరైన జాబితాతో ఇంకొక్క పూర్తి విడత ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఆడియాలజీ వైపు చూడండి. అది సాధారణంగా నాలుగేళ్ల డాక్టరేట్, ఎక్కువ కాలం పడుతుంది, కానీ ఈసీఈ చదివినవాళ్లకి సహజంగా కుదిరే రంగం. స్పీచ్ పాథాలజీ అసిస్టెంట్ ఉద్యోగం కూడా ఉంది. దాని అర్హతలు రాష్ట్రానికో రకం, టెక్సస్ నిబంధనలు చదివి మీ కోర్సులు సరిపోతాయో లేదో చూసుకోండి.

సీఎస్‌డీకాస్ వేసవిలో తెరుచుకుంటుంది. గడువులు ఎక్కువగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఉంటాయి. మీ బీటెక్ ట్రాన్స్‌క్రిప్టులు హైదరాబాద్ నుంచి వెస్‌కి చేరడానికి నెలలు పట్టొచ్చు, అది అన్నిటికన్నా ముందు మొదలుపెట్టండి. లెటర్లు సెప్టెంబరులో అడగండి. ఆఫర్లు వచ్చాక జవాబు చెప్పడానికి ఎక్కువ చోట్ల ఏప్రిల్ 15 గడువు, వెయిట్‌లిస్టులు కదిలేది ఆ తేదీకి అటూ ఇటూ. ఆ రోజుల్లో ఫోన్ దగ్గర పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు ఈ వారమే ఒక పని చేయండి. మిమ్మల్ని వెయిట్‌లిస్ట్‌లో పెట్టిన యూనివర్సిటీ ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ రాయండి. మళ్లీ అప్లై చేస్తున్నానని, నా ఫైల్‌లో ఏది బలపడితే మీకు నమ్మకం పెరుగుతుందో చెప్పగలరా అని అడగండి. అందరూ జవాబివ్వరు. ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఇచ్చినప్పుడు అది ఊహ కాదు, మీ ఫైల్ నిజంగా చదివిన మనిషి మాట. జవాబు వస్తే నాకు పంపండి, దాన్ని పక్కన పెట్టుకుని మీ కొత్త ఎస్సే ఇద్దరం కలిసి చూద్దాం.